పాత పికప్‌కి కొత్త బ్రేక్ రోటర్లు: అవసరమా, లేక ఫోటోల కోసమా?

ఫోన్‌ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి ట్రక్కు బ్రేకుల గురించి రాస్తున్నాను. కంగారు పడకండి, టాపిక్ మారినా గొడవ మనకి తెలిసిందే. కంపెనీ ఇచ్చింది చాలా, లేక పైన డబ్బులు పెట్టి అప్‌గ్రేడ్ చేసుకోవాలా? చేసుకుంటే తేడా నిజంగా తెలుస్తుందా, లేక మనకి మనం చెప్పుకోవడమేనా?

నేను డాలస్ దగ్గర పనిచేస్తాను. నాకో 2003 టయోటా టకోమా ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్. ఇలాంటి పాత పికప్ ఉన్నవాళ్లు నెట్‌లో ఒక్కసారి "బ్రేక్స్" అని వెతికితే చాలు, ఆ తర్వాత నెల రోజులు ఫీడ్ నిండా ఒకటే యాడ్. రంధ్రాలు చేసిన రోటర్, దాని మీద గీతలు, పక్కన ఎర్ర రంగు కాలిపర్. కింద "స్టాపింగ్ పవర్" అని పెద్ద అక్షరాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా లాగను: పాత పికప్ నడిపే చాలామందికి ఈ ఖర్చు దండగ. ఒక రకం వాళ్లకి మాత్రం ఇది అవసరమే, వాయిదా కూడా వేయకూడదు. మీరు ఏ రకమో తెలుసుకోవడానికి కాస్త లెక్క చూడాలి.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. రోటర్ అంటే మన బైక్ ముందు చక్రానికి కనిపించే డిస్కే. ఇనుప పళ్లెం. దాన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్‌లు పట్టుకుంటాయి, ఆ ప్యాడ్‌లని నొక్కేది కాలిపర్. నా టకోమాకి ముందు చక్రాలకే డిస్కులు, వెనక డ్రమ్ములు. "పాత బండి కదా, అందుకే" అనుకోకండి. టకోమాలో వెనక డ్రమ్ములు మూడో తరం దాకా వచ్చాయి. 2024లో వచ్చిన నాలుగో తరంలోగానీ అన్ని మోడల్స్‌కీ వెనక డిస్కులు ఇవ్వలేదు. కాబట్టి ఇలాంటి బండికి "రోటర్ అప్‌గ్రేడ్" అంటే ముందు రెండు చక్రాల సంగతే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బ్రేక్ చేసే పని ఏంటి?

బ్రేక్ బండిని ఆపదు. బండిని ఆపేది టైరు, రోడ్డు. బ్రేక్ చేసేది ఒకటే పని, బండి వేగంలో ఉన్న ఎనర్జీని వేడిగా మార్చి కాసేపు దాచుకోవడం, తర్వాత మెల్లగా గాలికి వదలడం.

ఎంత వేడి? మనుషులు, సామానుతో కలిపి బండి 2000 కిలోలు అనుకుందాం. గంటకి 60 మైళ్లు, అంటే సెకనుకి 26.8 మీటర్లు. ఇంటర్ ఫిజిక్స్ ఫార్ములా వేస్తే సుమారు 7 లక్షల 20 వేల జౌళ్లు. మన భాషలో చెప్పాలంటే, 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉండేది సుమారు 69 వేల జౌళ్లు. అంటే పది ఫోన్‌ల ఫుల్ ఛార్జ్‌ని మీ బ్రేకులు మూడు నాలుగు సెకన్లలో మింగేస్తాయి. మనం 120 వాట్ల ఛార్జర్ చూసి వావ్ అంటాం. ఇక్కడ లెక్క దాదాపు రెండు లక్షల వాట్లు.

గట్టిగా బ్రేక్ వేస్తే బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి అందులో 70 శాతం దాకా ముందు బ్రేకుల మీదే పడుతుంది. ఒక్కో రోటర్‌కి సుమారు రెండున్నర లక్షల జౌళ్లు. రోటర్ బరువు 8 కిలోలు అనుకుంటే, ఒక్క స్టాప్‌కి దాని వేడి సుమారు 70 డిగ్రీలు పెరుగుతుంది. అంతే. ఎండాకాలం 35 డిగ్రీల్లో మొదలుపెట్టినా 105 దగ్గర ఆగుతుంది. ఇనుముకి అదొక లెక్కా? ప్యాడ్‌లకీ కాదు.

గేమ్ ఆడినప్పుడు ఫోన్ ఏం చేస్తుందో మీకు తెలుసు. మొదటి రెండు నిమిషాలు 60 ఫ్రేములూ సాఫీగా వస్తాయి. ఇరవై నిమిషాలు ఆడితే వేడెక్కి థ్రాటిల్ అవుతుంది. అక్కడ వేపర్ ఛాంబర్ పెద్దగా ఉన్న ఫోన్ గెలుస్తుంది. బ్రేకులదీ అచ్చం ఇదే కథ. దాన్ని ఫేడ్ అంటారు. పెద్ద రోటర్ అంటే పెద్ద వేపర్ ఛాంబర్. మెసేజ్‌లు చూసుకునేవాడికి పెద్ద వేపర్ ఛాంబర్ ఎంత అవసరమో, ఆఫీసుకీ కాస్ట్‌కోకీ తిరిగే పికప్‌కి పెద్ద రోటర్ అంతే అవసరం.

కొండ దిగేటప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. అదే 2000 కిలోల బండి 1000 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వస్తే వదిలించుకోవాల్సిన ఎనర్జీ సుమారు 196 లక్షల జౌళ్లు. 60 మైళ్ల వేగం నుంచి ఫుల్ స్టాప్ 27 సార్లు కొట్టినట్టు, అదీ మధ్యలో చల్లారే టైమ్ సరిగా లేకుండా. కొలరాడోలో పైక్స్ పీక్ అని 14,115 అడుగుల కొండ ఉంది, పైదాకా రోడ్డు. దిగేటప్పుడు మధ్యలో గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్లు ప్రతి బండినీ ఆపి ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో బ్రేకుల వేడి చూస్తారు. ఎక్కువ ఉంటే పక్కన పెట్టిస్తారు, చల్లారాకే పంపిస్తారు. అక్కడ వాళ్లు చెప్పే మందు కూడా కొత్త రోటర్ కాదు, లో గేర్. తిరుమల ఘాట్‌లో దిగేటప్పుడు తెలిసిన డ్రైవర్ ఎవరైనా చేసేది అదే. గేర్ తగ్గించి ఇంజిన్‌తో బండిని పట్టుకుంటే ఆ 196 లక్షల్లో పెద్ద వాటా అసలు బ్రేకుల దాకా రానే రాదు. ఖర్చు సున్నా.

ఇంట్లో చేసుకునే టెస్ట్

ఏదైనా అప్‌గ్రేడ్ చేసే ముందు బాటిల్‌నెక్ ఎక్కడుందో చూడాలి కదా. ర్యామ్ తక్కువైన ల్యాప్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డ్ కొనం. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే పెద్ద పార్కింగ్ లాట్‌కి వెళ్లండి. వెనక ఎవరూ లేరని చూసుకుని, 30 మైళ్ల వేగంలో బ్రేక్ గట్టిగా తొక్కండి. ఏబీఎస్ కాలి కింద గరగరమంటోందా? అయితే మీ బ్రేకులకి టైర్లు తట్టుకోలేనంత బలం ఇప్పటికే ఉంది. రోటర్ ఎంత పెద్దది వేసినా ఆ స్టాప్ ఒక్క అడుగు కూడా తగ్గదు. డబ్బులు టైర్ల మీద పెట్టండి. మా బండ్లు తక్కువ తిరుగుతాయి, ట్రెడ్ అరగదు, కానీ టైరు పక్కన తయారీ తేదీ చూస్తే ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు ఉంటుంది. రబ్బరు రాయిలా గట్టిపడిపోయి ఉంటుంది. అలాంటి టైర్ల మీద రెండు వేల డాలర్ల బ్రేక్ కిట్ పెట్టడం అంటే పగిలిన స్క్రీన్ మీద ప్రీమియం టెంపర్డ్ గ్లాస్ అంటించడమే.

ఏబీఎస్ రాకపోతే? పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే లైన్లలో గాలో, పాత బ్రేక్ ఆయిలో. పెడల్ బాగా కిందికి వెళ్లాకగానీ పట్టకపోతే వెనక డ్రమ్ముల అడ్జస్ట్‌మెంట్ పోయి ఉండొచ్చు. పెడల్ గట్టిగానే ఉంది కానీ బండి ఆగట్లేదంటే ప్యాడ్‌లు గాజులా నున్నబడి ఉండొచ్చు, లేదా బూస్టర్ సమస్య కావొచ్చు. ఈ లిస్టులో రోటర్ ఎక్కడా లేదని గమనించారా?

రంధ్రాలు, గీతలు, "బెండ్ అయిన" రోటర్

డ్రిల్డ్ రోటర్ల మీద నాకు ఓపిక లేదు, ఒప్పుకుంటాను. పాత తరం ప్యాడ్‌లు బాగా వేడెక్కితే గ్యాస్ వదిలేవి, ఆ గ్యాస్ బయటికి పోవడానికి దారి కావాలి కాబట్టి రంధ్రాలు వచ్చాయి. ఇప్పటి ప్యాడ్‌లకి ఆ సమస్య చాలా తక్కువ. రంధ్రం చేస్తే ఇనుము తగ్గుతుంది, అంటే వేడిని దాచుకునే చోటే తగ్గుతుంది. పైగా పదేపదే బాగా వేడెక్కి చల్లారే వాడకంలో రంధ్రాల అంచుల నుంచి పగుళ్లు మొదలవుతాయి. వానలో తడి త్వరగా పోతుందనే లాభం కొంత ఉంది, అది కాదనను. కానీ ఒక పికప్‌కి, అందులోనూ ట్రైలర్ లాగే పికప్‌కి, బరువు తగ్గించిన రోటర్ ఎందుకు? గేమింగ్ ఫోన్ వెనకాల ఆర్‌జీబీ లైట్ల లాంటివి ఇవి. బాగుంటాయి. ఫ్రేమ్ రేట్ పెంచవు. స్లాటెడ్ కాస్త నయం. ఆ గీతలు ప్యాడ్ ముఖాన్ని గీరి శుభ్రంగా ఉంచుతాయి, బురదలో తిరిగేవాళ్లకి పనికొస్తాయి. బదులుగా ప్యాడ్ కొంచెం త్వరగా అరుగుతుంది, కొన్నిటికి చిన్న గుర్రు శబ్దం.

ఇంకో మాట. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందంటే మెకానిక్ వెంటనే "రోటర్ బెండ్ అయింది" అంటాడు, మనం "అయితే ఈసారి హై పెర్ఫార్మెన్స్‌ది వేయండి" అంటాం. నిజానికి వీధుల్లో తిరిగే బండ్లలో రోటర్ వేడికి వంకరపోవడం అరుదు. ఎక్కువసార్లు జరిగేది ఏంటంటే, ప్యాడ్ మెటీరియల్ రోటర్ మీద కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ అంటుకుంటుంది. దాంతో మందం అక్కడక్కడా తేడా వస్తుంది. ఇంకో కారణం, హబ్ మీద తుప్పు. పాత రోటర్ తీసి, హబ్‌ని వైర్ బ్రష్‌తో రుద్దకుండా కొత్తది బిగిస్తే, ఆ తుప్పు పొర మీద రోటర్ వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది. మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని వేల మైళ్ల తర్వాత మళ్లీ వణుకు. అప్పుడు "ఈ కంపెనీ రోటర్లు బాలేవు" అని ఇంకో కంపెనీ. రుద్దాల్సింది పది నిమిషాలు, వాడాల్సింది మూడు డాలర్ల బ్రష్.

అసలు తేడా తెచ్చేది ప్యాడ్

అమెరికాలో అమ్మే ప్యాడ్‌ల అంచు మీద రెండు ఇంగ్లిష్ అక్షరాలు ముద్రించి ఉంటాయి. ఈఈ, ఎఫ్‌ఎఫ్, జీజీ, ఇలా. మొదటిది మామూలు వేడిలో ఎంత పట్టు, రెండోది బాగా వేడెక్కాక ఎంత పట్టు అని చెబుతుంది. ఈ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మనం ఫోన్ కొనేముందు ప్రాసెసర్ పేరు చూస్తాం, కానీ బ్రేక్ ప్యాడ్ డబ్బా మీద బొమ్మ తప్ప ఏమీ చూడం.

ఇప్పుడు లెక్క వేయండి. రోటర్ వ్యాసం 7 శాతం పెంచితే, అదే కాలిపర్, అదే కాలి బలం, బ్రేక్ టార్క్ సుమారు 7 శాతం పెరుగుతుంది. ప్యాడ్‌ని 0.35 నుంచి 0.42కి మారిస్తే 20 శాతం పెరుగుతుంది. మొదటిదానికి కొత్త రోటర్, బ్రాకెట్, ఒక్కోసారి కొత్త చక్రాలు. రెండోదానికి నేను పెట్టింది 60 డాలర్లు, ఒక మధ్యాహ్నం.

తర్వాత బ్రేక్ ఆయిల్. ఇది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి, కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని రూలు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. కొండ దిగుతూ మరిగిందనుకోండి, ఆయిల్‌లో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలకి తగులుతుంది, బండి మాత్రం ఆగదు. ఈ ప్రమాదానికి పెద్ద రోటర్ పాక్షికంగానే మందు. రెండు మూడేళ్లకోసారి ఆయిల్ మార్చడం అసలు మందు. సీసా పదిహేను డాలర్లు. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 పోయొచ్చు, కానీ డాట్ 5 మాత్రం వద్దు. అది సిలికాన్, వేరే జాతి. నంబర్ పెద్దదైతే మంచిదనుకునే అలవాటు మనకి ఫోన్‌ల నుంచి వచ్చింది, ఇక్కడ పనికిరాదు.

ఎర్ర కాలిపర్ల కథ

మా కాలేజీ జూనియర్ ఒకడు ఈ మధ్య 2002 టకోమా కొన్నాడు. వారంలోనే మెసేజ్: "అన్నా, ఈ కిట్ చూడు, కార్ట్‌లో పెట్టేశా. సిక్స్ పిస్టన్." ధర 1,900 డాలర్లు. వాడికి ఇంకా స్టూడెంట్ లోన్ ఈఎంఐ నడుస్తోంది. వచ్చే నెల నలుగురు కలిసి, చిన్న ట్రైలర్ తగిలించుకుని కొలరాడో వెళ్లే ప్లాన్ కూడా ఉంది.

"ఆగరా, వెనక డ్రమ్ములు ఎప్పుడు విప్పారో తెలుసా?" అన్నాను.

"వెనకవి ఎందుకన్నా? బ్రేకింగ్ అంతా ముందే కదా?"

శనివారం మా అపార్ట్‌మెంట్ పక్కన ఫ్రెండ్ ఇంటి గరాజ్‌లో విప్పాం. కుడివైపు డ్రమ్ములో షూలు డ్రమ్ముకి ఆమడ దూరంలో ఉన్నాయి. ఈ తరం టకోమాల్లో వెనక షూలని దగ్గరికి జరిపే ఆటో అడ్జస్టర్ పనిచేసేది పార్కింగ్ బ్రేక్ లాగినప్పుడు. డాలస్ అంతా బల్లలా చదును. ఆటోమేటిక్ గేర్ బండి, పీలో పెట్టి దిగిపోతారు. ఇంతకుముందు ఓనర్ పార్కింగ్ బ్రేక్ ముట్టుకున్నట్టే లేదు. దాని బెల్ క్రాంక్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఎడమవైపు ఇంకా ఘోరం. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు పక్కకి జరపగానే బ్రేక్ ఆయిల్ కారింది. షూలు తడిగా, నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. అంటే ఆ వెనక చక్రానికి బ్రేక్ ఉన్నట్టా లేనట్టా? కొన్న చోట ఇచ్చిన కాగితంలో మాత్రం "బ్రేకులు చెక్ చేశాం" అని టిక్కు పెట్టి ఉంది.

ఇక్కడే నాకు ఈ అప్‌గ్రేడ్ వ్యాపారం మీద అసలు అభ్యంతరం. వాడు ఆ కిట్ వేసి ఉంటే ముందు బ్రేకులు గట్టిగా పట్టేవి, బండి బాగా ఆగుతున్నట్టే అనిపించేది. వెనక లీక్ అలాగే ఉండేది. ట్రైలర్‌తో, నలుగురితో, కొండ మీద రిజర్వాయర్‌లో ఆయిల్ తగ్గిపోయేదాకా ఎవరికీ తెలిసేది కాదు. కొత్త మెరిసే భాగం పాత జబ్బుని కప్పేస్తుంది. పైగా టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మిగిలింది, అంతే. అంతకుముందు ఏడాదికోసారైనా ఎవరో ఒకరు బ్రేకుల మీద కన్నేసేవారు. ఇప్పుడు ఆ కన్ను మనదే.

రెండు వీల్ సిలిండర్లు, షూలు, స్ప్రింగుల కిట్, బెల్ క్రాంకులు, ముందుకి మామూలు రోటర్లు, మంచి ప్యాడ్‌లు, కొత్త ఆయిల్. మొత్తం కలిపి 1,900లో నాలుగో వంతు కూడా కాలేదు. వాడి మొహం మాత్రం ఐఫోన్ అడిగితే నోకియా కొనిచ్చినట్టు ఉంది. కాలిపర్లకి ఎర్ర పెయింట్ డబ్బా కొనిచ్చాను. హై టెంపరేచర్ పెయింట్, పదిహేను డాలర్లు. హ్యాపీ.

ఇంకో భాగం ఉంది, దాని గురించి యాడ్‌లలో ఎవరూ మాట్లాడరు. వెనక యాక్సిల్ దగ్గర ఒక చిన్న కడ్డీ, దానికో వాల్వ్. బండి వెనక బరువు ఎక్కితే సస్పెన్షన్ దిగుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వ్ వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ పంపుతుంది. పూర్తిగా మెకానికల్, సెన్సార్ లేదు, కోడ్ లేదు. నాకు భలే ఇష్టమైన ఇంజనీరింగ్. అయితే బండి ఎత్తుగా కనిపించాలని వెనక లిఫ్ట్ కిట్ వేస్తే, ఈ వాల్వ్ "ఓహో, వెనక బరువేం లేదు" అనుకుని ప్రెషర్ తగ్గించేస్తుంది. లిఫ్ట్ వేసినవాళ్లు "బ్రేకులు డల్ అయ్యాయి" అని రోటర్లు కొంటారు. కడ్డీని కొత్త ఎత్తుకి సర్దితే చాలు.

మరి ఎవరికి కావాలి?

31 అంగుళాల టైర్లు తీసేసి 33 వేసినవాళ్లకి. టైరు పెద్దదైతే బ్రేకుకి లీవర్ ఎదురు తిరుగుతుంది. అదే బ్రేక్ టార్క్, రోడ్డు దగ్గర పనిచేసే బలం మాత్రం సుమారు 6 శాతం తగ్గుతుంది. టైరు బరువు కూడా కలుపుకుంటే పెడల్ దగ్గరే తేడా తెలుస్తుంది. తరచూ ట్రైలర్ లాగేవాళ్లకి, అందులోనూ ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే. వెనక క్యాంపర్ పెట్టుకుని కొండ ప్రాంతాల్లో తిరిగేవాళ్లకి. వీళ్లు వేపర్ ఛాంబర్ నిజంగా వాడుకునే బ్యాచ్. వీళ్లకి కావాల్సింది రంధ్రాలు కాదు, ఎక్కువ ఇనుము.

మొదటి తరం టకోమా వాళ్లకి ఇందులో ఒక అదృష్టం ఉంది. మొదటి తరం టండ్రా, అంటే పెద్దన్న ట్రక్కు, దాని కాలిపర్లు, పెద్ద రోటర్లు దీనికి బోల్టులతో కూర్చుంటాయి. అన్నీ టయోటా భాగాలే, పదేళ్ల తర్వాత కూడా ఏ పార్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి. సిక్స్ పిస్టన్ కిట్ కంపెనీ ఉంటుందో లేదో తెలియని ప్రపంచంలో ఇది పెద్ద విషయం. ఫ్రేమ్ రేటు ఎంతున్నా అప్‌డేట్‌లు రాని ఫోన్ మనం కొనం కదా. షరతులు ఉన్నాయి: చక్రాలు కనీసం 16 అంగుళాలు ఉండాలి, రోటర్ వెనకాల ఉండే డస్ట్ షీల్డ్‌ని కొంచెం వంచాలి లేదా కత్తిరించాలి. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే ఆయిల్ ఎక్కువ కావాలి, కాబట్టి పెడల్ ఇంకాస్త కిందికి వెళ్తుంది. వెనక డ్రమ్ములు సరిగా అడ్జస్ట్ అయి లేకపోతే ఈ స్వాప్ తర్వాత పెడల్ ఇంకా ఘోరంగా అనిపిస్తుంది. తిరిగి తిరిగి కథ మళ్లీ వెనక డ్రమ్ముల దగ్గరికే వచ్చింది, చూశారా?

నాకైతే 31 అంగుళాల టైర్లే, ట్రైలర్ లేదు. మామూలు, రంధ్రాల్లేని రోటర్లు వేశాను, తుప్పు పట్టకుండా బూడిద రంగు కోటింగ్ ఉన్నవి. జత 130 డాలర్లు పడింది. ఆ కోటింగ్‌కి మాత్రం పది డాలర్లు ఎక్కువ పెట్టడం తప్పు కాదు. ప్యాడ్ తగిలే చోట మొదటి రోజే పోతుంది, కానీ అంచుల్లో, మధ్య టోపీలో, లోపల గాలి పోయే సందుల్లో నిలుస్తుంది.

గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక సరదా పని. ఇరవై డాలర్ల ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనండి. రోజూ తిరిగే రూటు తిరిగొచ్చి రోటర్ మీద పెట్టి చూడండి. అయితే మెరిసే ఇనుము మీద ఈ గన్ తక్కువ చూపిస్తుంది. నల్లగా ఉన్న ప్యాడ్ అంచు మీదో, రంగు వేసిన భాగం మీదో పెడితే నిజానికి దగ్గరగా వస్తుంది. నాలుగు చక్రాలూ చూడండి. ఒక వైపు ముందు చక్రం రెండోవైపు కంటే బాగా వేడిగా ఉంటే అక్కడ కాలిపర్ పిస్టన్ బిగుసుకుపోయిందేమో అనుమానించాలి. వెనక చక్రాలు రెండూ చల్లగా ఉంటే వెనక బ్రేకులు సెలవులో ఉన్నాయేమో. నెలకోసారి నేను ఇదే చేస్తాను, రెండు నిమిషాల పని. ఏ రోటర్ కిట్ కంటే ఈ గన్ నాకు ఎక్కువ సమాచారం ఇచ్చింది.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి: బొలెరో పికప్ అయినా, పాత స్విఫ్ట్ అయినా లెక్క ఒకటే, కాకపోతే ఒక అదనపు తలనొప్పి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, ఇన్సూరెన్స్ వాడు ప్రమాదం తర్వాత అడిగేది కూడా అదే. అదే సైజు మంచి కంపెనీ రోటర్, మంచి ప్యాడ్, తాజా ఆయిల్, వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శ్రీశైలం ఘాట్ రోజూ ఎక్కిదిగే లోడు బండి అయితే మొదట ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి.

సొంతంగా చేసుకునేవాళ్లకి రెండు సూచనలు. రోటర్ పక్కన "మినిమమ్ థిక్‌నెస్" అని ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. వెర్నియర్‌తో కొలిస్తే అంతకంటే పైన ఉండి, గీతలు లేకుండా ఉంటే పాత రోటర్ ఇంకా పనికొస్తుంది, మార్చమని ఎవరు చెప్పినా. కొత్త ప్యాడ్‌లు వేశాక, ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్ వేయకముందే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడుకి పెడల్ సీదా నేలకి పోతుంది. గరాజ్ గోడ ముందు ఆ సంగతి తెలుసుకోవడం కంటే, పీలో ఉండగా తెలుసుకోవడం నయం.